తలమీద చెయ్యి

మా బావ ట్రంపెట్ వాయించే మనిషి. వాయిస్తూ ఉండగా ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే నోరు ఖాళీగా ఉండదు కాబట్టి చేత్తో చెప్పేవాడు. ఎడమ అరచెయ్యి నడినెత్తి మీద పెట్టుకున్నాడంటే "ఇక చాలు, అందరూ పాటలోకి వచ్చేయండి" అని. అది ఆయన కనిపెట్టిందేమీ కాదు, జాజ్ వాయించేవాళ్ళు చాలామంది చేసేదే. జాజ్‌లో ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు. తరవాత ఆ పాటనే ఆధారం చేసుకుని, ఒకరి తరవాత ఒకరు, అప్పటికప్పుడు తోచింది అల్లుకుంటూ పోతారు. ఎంత దూరం పోతారో ముందుగా ఎవరికీ తెలీదు. ఎక్కడో ఒకచోట పెద్దవాడొకడు వెనక్కి పిలవాలి. మా నలుగురిలో ఆ పెద్దవాడు బావ. ఆయన చెయ్యి నెత్తిమీదికి వెళ్ళగానే పియానో దగ్గర నేనూ, మనిషి కంటే పెద్దదైన బేస్ వాయిద్యాన్ని కౌగిలించుకుని నిలబడే, మేం నిచ్చెన అని పిలిచే పొడుగువాడూ, చేతులతోపాటు నోరు కూడా ఆడించి చిటపట అని పేరు తెచ్చుకున్న డ్రమ్ములవాడూ, ముగ్గురం ఒక్క అడుగులో పాటలోకి వచ్చి పడేవాళ్ళం. ఒకరి మొహం ఒకరు చూసుకునే పని కూడా ఉండేది కాదు. ఏళ్ళ తరబడి అలవాటు.

ఆ సైగ ఇంటికి కూడా పాకింది. బావ భార్య నాకు వరసకి చెల్లెలవుతుంది. ఆమె మాట మొదలుపెట్టిందంటే కూరలో ఉప్పు దగ్గర బయలుదేరి, పక్కింటివాళ్ళ కుక్క మీదుగా, బావ పెళ్ళిచూపులకి వేసుకొచ్చిన చొక్కా దాకా వెళ్ళగలదు. మధ్యలో బావ చాలా గంభీరంగా చెయ్యెత్తి నెత్తిమీద పెట్టుకునేవాడు.

"చూశారా అన్నయ్యగారూ! నన్ను పాటలోకి రమ్మంటున్నారు మీ బావ. నేనేమన్నా ఈయన డ్రమ్ములవాణ్ణా?" అని ఆమె ఒంటికాలి మీద లేచేది.

మా ఆవిడ, అంటే బావ సొంత చెల్లెలు, ఆ తగువు చూసి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వేది. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎంతకీ కదలకపోతే, తనూ మంచం మీదనుంచి మెల్లిగా చెయ్యి నెత్తిమీద పెట్టుకుని నావైపు చూసేది. నేను లేచి వచ్చినవాళ్ళ చెప్పులు వెతికి పెట్టేవాణ్ణి.

తను పోయాక కొన్నేళ్ళకి, ఒక పొద్దున కాఫీ తాగుతుంటే బావ కుడిచేతిలోంచి గ్లాసు జారిపడింది. ఏదో అనబోయాడుట, మాట ముద్దగా వచ్చింది. చెల్లెమ్మ ఫోను చేస్తే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలో మామూలుగా కూర్చుని, గ్లాసు జిడ్డుగా ఉండబట్టే జారిందని ఆమెనే సాధిస్తున్నాడు. అయినా వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నవయసు అమ్మాయి. తల లోపలి ఫిల్మును దీపం ముందు పెట్టి చూపించింది. ఒక రక్తనాళం గోడ పలచబడి, చిన్న శనగగింజంత ఉబ్బి ఉంది.

"కత్తి పెట్టే చోటు కాదండీ ఇది. మందులతో కాపాడుకోవాలి. బరువులెత్తకూడదు, గట్టిగా అరవకూడదు. ఏం పని చేస్తారు మీరు?"

"నీటి మీటర్లు చూసే ఉద్యోగం. రిటైరయ్యాను" అన్నాడు బావ.

"అసలుది చెప్పండి" అంది చెల్లెమ్మ.

"సాయంత్రాలు హోటల్లో కాస్త ట్రంపెట్ ఊదుతుంటాను" అన్నాడు బావ, పరీక్షలో చీటీతో దొరికినవాడిలా.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "అది మానెయ్యాలి. గట్టిగా ఊదితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఉబ్బు పగిలిందంటే మనిషి దక్కడం కష్టం. మనిషి దక్కినా మాట దక్కకపోవచ్చు. ఎప్పుడైనా తలలో ఉన్నట్టుండి నొప్పి వస్తే చేతిలో ఏముంటే అది వదిలేసి వచ్చెయ్యండి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు."

బావ ట్రంపెట్‌ని పెట్టెలో పెట్టి బీరువా మీద పడేశాడు. హోటల్లో మేం ముగ్గురమే వాయించాం. ట్రంపెట్ చోట పియానో వాయిస్తే అన్నం వడ్డించి పప్పు మర్చిపోయినట్టు ఉందని చిటపట గొణిగేవాడు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చాడు. కాసేపు నా పియానో మూత మీద దుమ్ము వేలితో గీస్తూ కూర్చున్నాడు.

"మానేసినందుకు కాదు బావా నా బాధ" అన్నాడు చివరికి. "మానెయ్యమంటే మానేశాను. మొన్న ఆఖరిసారి వాయించానే, అది ఆఖరిసారని నాకు తెలీదు. చిటపట తొందరపెడుతున్నాడని వాడిమీద కోపంతో వాయించాను. ఎవరో పాట అడిగితే విసుక్కుంటూ వాయించాను. అదా నా ఆఖరిది? ఒక్కసారి, తెలిసి వాయించనీ. ఒక్క పాట."

నేను గట్టిగా కాదనవలసినవాణ్ణే. కానీ మా ఆవిడతో నేను మాట్లాడిన చివరి మాట కిటికీ గురించి. తలుపు వేసి ఉంచనా, తీసి ఉంచనా అని. ఆయనకి అడ్డం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చెల్లెమ్మ మాత్రం ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచింది. రెండు పూటలు అన్నం వడ్డించలేదు, వంట చేసి గిన్నెలు బల్లమీద చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళిపోయేది. బావ ఆమెతో వాదించలేదు, నెత్తిమీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. బీరువా మీద పెట్టె వంక చూసి పడుకునేవాడు. ఆ చూపుకి ఆమె కరిగింది. ఒకరోజు నన్ను పిలిపించి షరతులు చెప్పింది.

"నేనూ వస్తాను. ఎదురుగా కూర్చుంటాను. ఒకే పాట, అదీ మెత్తగా. పైస్థాయికి వెళ్ళడాలూ, బుగ్గలు పూరించడాలూ నాకు కనబడకూడదు. పాట వాయించి పక్కన నిలబడాలి. మధ్యలో అల్లుకునేదేదో మీ ముగ్గురూ అల్లుకోండి."

"అలాగే" అన్నాడు బావ.

"నలతగా అనిపిస్తే ఎలా చెప్తారు?"

బావ ఆలోచించాడు. "ట్రంపెట్‌ని పియానో మీద పెట్టేస్తాను. బావ కళ్ళెదుటే ఉంటుంది."

"చూస్తూ ఉంటాను" అన్నాను.

"తీరా అప్పుడు మర్చిపోతే?"

"చేతిలో ట్రంపెట్ ఉందో లేదో మర్చిపోతానుటే?"

ఏర్పాటు సులువుగా ఉందనిపించింది. డాక్టర్ని అడిగితే వద్దంటుందని ముగ్గురికీ తెలుసు. అడగలేదు.

పాట ఏదన్నది ఎవరూ అడగలేదు, దానికి వేరే జవాబు లేదు కనక. మా ఆవిడ జబ్బుపడ్డ ఏడాది బావ కట్టిన పాట ఒకటుంది. నిదానంగా నడిచే పాట. దానికి పేరు పెట్టలేదు. "చెల్లెలి పాట" అనుకునేవాళ్ళం. చివర మేం ముగ్గురం ఆగిపోతాం. ట్రంపెట్ ఒక్కటే మెట్లు దిగినట్టు నాలుగు స్వరాలు దిగి, ఆఖరిదాని మీద నిలబడుతుంది. అక్కడితో పాట అయిపోతుంది.

హోటల్ మేడ మీద ఉంటుంది. చెక్కమెట్లు, పొడవైన హాలు, వంటింటివైపు రెక్కలు ఊగే తలుపు. ఆ తలుపు ఊగినప్పుడల్లా గిన్నెల చప్పుడు ఒక గుప్పెడు వచ్చి పడుతుంది. కిటికీల పక్కన ఒక చిన్న అరుగు లాంటిది కట్టి, దానిమీద పియానో పెట్టారు. ఆ పియానో మీటల్లో ఒకటి నొక్కితే మళ్ళీ పైకి లేవదు. దాన్ని తప్పించుకుని వాయించడం నాకు అలవాటైంది. తినేవాళ్ళ ముందు వాయించడం అంటే చెంచాలతోపాటు వాయించడమే. మాట వినబడాలని మనుషులు గొంతు పెంచుతారు, మేం తగ్గిస్తాం. మేం తగ్గిస్తే వాళ్ళూ తగ్గిస్తారు. ఎవరూ మమ్మల్ని వినడం లేదని అనుకుంటూ ఉండగానే, ఎక్కడో ఒక బల్ల దగ్గర ఒకరి చెంచా గాల్లో ఆగిపోతుంది. ఆ ఒక్క చెంచా చాలు, ఆ సాయంత్రానికి.

ఆరోజు సాయంత్రం పెందరాళే వెళ్ళాం. ఓనరు మెట్ల దాకా ఎదురొచ్చాడు. చెల్లెమ్మని అరుగుకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి, "ఇవాళ మీరు మా అతిథి అమ్మా. ఏం తింటారో చెప్పండి" అన్నాడు.

"ఏదో ఒకటి పెట్టించు బాబూ. ఈయన్ని తిరిగి ఇంటికి పట్టుకెళ్తే నాకదే భోజనం" అందామె.

చిటపట వచ్చి బావ కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. "లేవరా. ఇంకా పోలేదు నేను" అన్నాడు బావ. "అది కాదు పెద్దబావా, మొన్న తొందరపెట్టినందుకు" అన్నాడు వాడు. వాళ్ళు ఆయన్ని పెద్దబావ అనీ, నన్ను చిన్నబావ అనీ పిలుస్తారు. నిచ్చెన బావ కోసం ఒక ఎత్తు కుర్చీ తెచ్చి పియానో వంపులో వేసి, మీద తన మఫ్లరు మడిచి పరిచాడు.

మొదట మేం ముగ్గురం కొన్ని పాటలు వాయించాం. హాలు నిండింది. మూల బల్ల దగ్గర ఎవరిదో ఉద్యోగ విరమణ విందు, గట్టిగా నవ్వుతున్నారు. అరుగుకి మరీ దగ్గరగా ఉన్న బల్ల దగ్గర ఒకావిడ ఒంటరిగా కూర్చుని సూపు తాగుతోంది. ఆమెని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చెల్లెమ్మ ముందు చేపముక్క చల్లారిపోతోంది.

బావ లేచి నిలబడ్డాడు. పెదవులు తడుపుకున్నాడు. నావైపు చూసి తల ఊపాడు.

చెల్లెలి పాట మొదలైంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఎంత మెత్తగా వాయించాడంటే, ట్రంపెట్ లోపలికి గాలి వెళ్ళడం కూడా నాకు వినబడింది. బుగ్గలు పూరించలేదు. పైకి వెళ్ళవలసిన చోట వెళ్ళకుండా, పక్కింటి గుమ్మంలో నిలబడి పలకరించినట్టు కింది స్వరం వాయించి ఊరుకున్నాడు. చెల్లెమ్మ మొదటిసారి ఫోర్కు చేతిలోకి తీసుకుంది. పాట ఒకసారి పూర్తయ్యింది. ఆఖరి నాలుగు స్వరాలు కూడా సరిగ్గా దిగాడు. వెనక్కి జరిగి పియానో అంచుకి ఆనుకుని నిలబడ్డాడు. నా ప్రాణం కుదుటపడింది. సగం అయిపోయింది. మళ్ళీ చివర్లో ఒక్కసారి పాట వాయిస్తే చాలు, ఇంటికి వెళ్ళిపోవచ్చు.

నేను కాసేపు వాయించి నిచ్చెనకి వదిలేశాను. నిచ్చెన మామూలుగా ముక్తసరి మనిషి. ఆరోజు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. లావు తీగల మీద ఒక మాట, దానికి జవాబు, మళ్ళీ ఒక ప్రశ్న. నేను పియానో మీద చేతులు ఊరికే ఆనించి వింటున్నాను. మధ్యమధ్య ట్రంపెట్ వంక చూస్తున్నాను. బావ కుడిచేతిలోనే ఉంది.

నిచ్చెన ఆ ప్రశ్న మధ్యలో ఉండగా బావ ఎడమచెయ్యి లేచి నెత్తిమీద పడింది.

ముగ్గురం పాటలోకి వచ్చేశాం.

బావ ఎప్పుడూ మనిషిని మాట మధ్యలో పిలిచేవాడు కాదు. చెప్పేది పూర్తి కానిచ్చి, ఆ చివరి అడుగు దగ్గర చెయ్యెత్తేవాడు. అది తట్టింది నాకు. తట్టి కూడా, అలిసిపోయి ఉంటాడు, చెల్లెమ్మ కోసం తొందరగా ముగిస్తున్నాడు అనుకున్నాను. అనుకునేలోపల నా వేళ్ళు పాటలో ఉన్నాయి. చెల్లెమ్మ నవ్వింది. ఎప్పుడూ తనమీద ప్రయోగించే సైగ కదా అది. నావైపు చూసి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేసింది.

పాట వచ్చేసింది. పాట వస్తే ట్రంపెట్ రావాలి. బావ చెయ్యి కిందికి దింపి, మమ్మల్ని ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ అర్థమవుతూనే ఉంటుంది. తరవాత ట్రంపెట్ పెదాల దగ్గరికి తీసుకెళ్ళాడు.

సగం స్వరాలు వదిలేశాడు. వాయించినవి కూడా అంచులు చిరిగినట్టు, శ్వాస కలిసి వచ్చాయి. ఒక స్వరం, చాలాసేపు ఖాళీ, ఇంకో స్వరం. అలా ఆయన ఎన్నడూ వాయించలేదు. ఆఖరిసారని తెలిసి వాయిస్తే ఇలా వస్తుంది కాబోలు అనుకున్నాను. చిటపట కర్రలు పక్కన పెట్టి చేతివేళ్ళతో డ్రమ్ము నిమురుతున్నాడు. మూల బల్ల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. వంటింటి తలుపు దగ్గర వడ్డించేవాళ్ళు ఇద్దరు పళ్ళేలతో నిలబడిపోయారు. హాలంతా చెంచాలు గాల్లో ఉన్నాయి.

చివరికి మేం ముగ్గురం ఆగాం. ట్రంపెట్ ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. మూడోదాని దగ్గర ఉత్త గాలి వచ్చింది.

జనం అదే పాట ముగింపనుకున్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ హోటల్లో అలాంటి చప్పట్లు మేం ఎప్పుడూ వినలేదు. బావ వాళ్ళకి దణ్ణం పెడుతున్నట్టు ముందుకు వంగాడు. ఆ వంగడం కుడివైపుకి ఒరిగింది. ట్రంపెట్ నేలమీద పడి దొర్లింది. బావ దాన్ని జన్మలో కింద పడెయ్యలేదు. అప్పుడు తెలిసింది నాకు.

చప్పట్లు కొన్ని బల్లల దగ్గర ఇంకా మోగుతూనే ఉన్నాయి.

చెల్లెమ్మ బల్లని తోసుకుంటూ వచ్చింది. నిచ్చెన అప్పటికే బేస్ వదిలేసి ఆయన్ని పట్టుకున్నాడు. మెల్లిగా పడుకోబెట్టాడు. బావ మొహంలో కుడిసగం జారిపోయి ఉంది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, ఆ చెప్పేది గొంతులోనే ముద్దవుతోంది.

"ఏవండీ, ట్రంపెట్ పెట్టెయ్యమన్నాను కదా! పియానో మీద పెట్టేస్తానన్నారు కదా!" అంటోంది చెల్లెమ్మ. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

ఎవరెవరో ఏదో చేశారు. ఓనరు అంబులెన్సుకి ఫోను చేసి, తనే మెట్లు దిగి వీధిలో నిలబడ్డాడు. వడ్డించే అతను ఒక బల్లమీది తెల్లగుడ్డ లాగి, మడతపెట్టి బావ తలకింద పెట్టాడు. చిటపట నోటివెంట ఒక్క మాట రాలేదు. వాణ్ణి అలా చూడ్డం కూడా భయమేసింది. సూపు తాగుతున్న ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, బావ నోటి పక్కనుంచి కారుతున్నది తన చేతిరుమాలుతో తుడిచింది.

స్ట్రెచరు మీద ఆయన్ని దింపుతుంటే ఆమె నా పక్కకి వచ్చింది.

"మీవాళ్ళా అండీ?"

"మా బావ."

"నేను దగ్గర్లోనే కూర్చున్నానండీ. ఆయన అలా తల పట్టుకోగానే నొప్పేమో అనుకున్నాను. మొహం కూడా అలాగే పెట్టారు. లేవబోయాను కూడా. కానీ మీరంతా..." ఆగింది. "ఆవిడ నవ్వుతున్నారు. మీరు వాయిస్తున్నారు. ఇది పాటలో భాగమేమో, నాకు తెలీదు కదా అనుకున్నాను."

"మీరు రుమాలు ఇచ్చారు" అన్నాను. "చాలా సాయం చేశారు."

ఆస్పత్రిలో అదే డాక్టరు. రక్తనాళం చిట్లింది. మనిషి దక్కాడు. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది తెలుస్తుంది, ఆయన చెప్పలేడు.

చెల్లెమ్మ కొన్ని రోజులు ఆగి, వరండాలో డాక్టర్ని నిలబెట్టి అడిగింది. "నొప్పి వచ్చిన వెంటనే తీసుకొచ్చి ఉంటే? ఆ పాట వాయించకుండా?"

డాక్టరు ఆమె మొహంలోకి చూసింది. "అది చెప్పలేమమ్మా. ఒక్కోసారి ఎంత తొందరగా తెచ్చినా ఇంతే" అంది. వెళ్ళబోతూ ఆగి, ఆమె భుజమ్మీద చెయ్యి వేసి వెళ్ళింది.

"ఆ పిల్ల అబద్ధం చెప్పింది అన్నయ్యగారూ" అంది చెల్లెమ్మ. "మంచి పిల్ల."

ఆ తరవాత చెల్లెమ్మ ఆయన మీద కేకలెయ్యడం మానేసింది. అసలు మాటే తగ్గించేసింది. పొద్దున వచ్చి మొహం తుడిచి, మెత్తటి తిండి చెంచాతో పెట్టి, గెడ్డం కింద గుడ్డ మార్చి, పక్కన కూర్చునేది. బావ కళ్ళు ఆమె ఎటు వెళ్తే అటు తిరిగేవి. నేను మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ణి. ఆ ఆస్పత్రి వరండాలు నాకు కొత్త కాదు. ఏ కుళాయిలో వేడినీళ్ళు వస్తాయో, ఏ బెంచీ మీద ఎండ పడుతుందో తెలుసు. చెల్లెమ్మని ఆ బెంచీ మీద కాసేపు కూర్చోమని పంపించేవాణ్ణి.

నేనూ బావా ఆ సాయంత్రం గురించి మాట్లాడుకోలేదు. ఆయన మాట్లాడలేడు. నేను మాట్లాడితే వినడానికి తప్ప ఆయనకి వేరే దారి లేదు. మంచానికి కట్టుబడి ఉన్న మనిషికి నా పశ్చాత్తాపం ఎత్తి పోయడం అన్యాయమనిపించింది. పేపరు చదివి వినిపించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం చెల్లెమ్మ ఆయన గోళ్ళు తీస్తోంది. ఏమైందో మరి, ఆరోజు ఆమె నోరు కొంచెం విచ్చుకుంది. నీళ్ళ మీటరు చూసే కొత్త కుర్రాడు వచ్చాడనీ, అంకెలు తిరగేసి చదివాడనీ, మా ఆయన చేసిన ఉద్యోగమే ఇది, నాకు చెప్తావా అని వాణ్ణి దులిపేశాననీ, వాడి చొక్కా మన పక్కింటివాళ్ళబ్బాయి చొక్కాలాగే ఉందనీ, ఆ అబ్బాయి పెళ్ళి కుదిరిందనీ, ఆ పెళ్ళివాళ్ళ కుక్క...

బావ ఎడమచెయ్యి ఆమె చేతుల్లోంచి జారి, మెల్లిగా లేచి వెళ్ళి నెత్తిమీద ఆగింది.

ఆమె చేతిలోని గోళ్ళు తీసే కత్తెర దుప్పటి మీద పడింది. నావైపు చూసింది. ఆ చూపులో ఆ సాయంత్రమంతా ఉంది.

నేను గంట నొక్కాను. నొక్కి ఊరుకోకుండా వరండాలోకి పరిగెత్తి నర్సుని కేకేశాను. ఆమె చేతిలో ట్రే వదిలేసి వచ్చింది. టార్చి వేసి కళ్ళు చూసింది. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. మొహం దగ్గరగా వంగి అడిగింది. "తాతగారూ, తల నొప్పిగా ఉందా? ఉంటే కళ్ళు ఒకసారి మూయండి. లేకపోతే రెండుసార్లు."

బావ రెండుసార్లు మూశాడు.

"అంతా నిన్నటిలాగే ఉందమ్మా. కంగారు పడకండి. ఇంకేదైనా ఉంటే పిలవండి, ఎన్నిసార్లయినా పిలవండి" అని ఆమె వెళ్ళింది.

చెయ్యి మాత్రం నెత్తిమీదనుంచి దిగలేదు.

చెల్లెమ్మ మంచం పక్కన నిలబడి ఆయన్ని చూస్తోంది. "నన్ను నోరు ముయ్యమంటున్నారా?" అంది. "మూసుకుంటాన్లెండి. లేకపోతే అన్నయ్యగారిని పాట పాడమంటున్నారా?"

ఆయన కళ్ళు నావైపు తిరిగాయి.

నేను పాడే మనిషిని కాను. మంచం ఇనుపకమ్మీ మీద వేళ్ళతో తాళం వేస్తూ చెల్లెలి పాట కూనిరాగంలా తీశాను. ఆ మీట లేవని పియానో లేదు, నిచ్చెన లేడు. పక్క మంచం మీదాయన పేపరు దించి విన్నాడు. పాటలోకి రాగానే బావ చెయ్యి కిందికి దిగింది. ఎప్పటిలాగే.

చివరికి వచ్చాక ఆగిపోయాను. ఆగాలని ఆగలేదు. ఆ నాలుగు స్వరాలూ మావి కావు, ఎప్పుడూ కావు. అక్కడ చెయ్యి తియ్యడమే నాకు తెలిసింది.

బావ పెదాలు, కదిలే సగం, దగ్గరికి బిగిశాయి. గాలి వచ్చింది. స్వరం లేదు. రెండోసారి ఇంకొంచెం వచ్చింది, దానితో నోటి పక్కనుంచి తడి కూడా వచ్చింది.

"ఊదొద్దన్నానా లేదా!" అంది చెల్లెమ్మ. వార్డంతా వినబడేలా అంది. "ఎంతమంది చెప్పినా బుద్ధి రాదా మీకు? ఆ డాక్టరు పిల్ల చూస్తే నన్నంటుంది."

అంటూనే చీరచెంగుతో ఆయన నోటి పక్క తుడిచింది. కత్తెర వెతికి తీసుకుంది. ఎడమచెయ్యి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన గోళ్ళు తియ్యడం మొదలుపెట్టింది.